ఏ లోటూ లేదు, అయినా దేనిమీదా మనసు నిలవడం లేదు. యాభై దాటినవాళ్లు చెప్పండి

నీలికలువ:

అందరికీ నమస్తే. నాకు 49. ఒక ఆఫీసులో అకౌంట్స్ విభాగం చూస్తాను, చదువు అయిపోయినప్పటి నుంచీ ఇదే రంగం. పిల్లలిద్దరూ పెద్దవాళ్లయ్యారు, ఒకరు ఉద్యోగంలో చేరారు, ఒకరు హాస్టల్లో ఉన్నారు. అప్పుల్లేవు, ఇంట్లో గొడవల్లేవు, మావారు మంచి మనిషి. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే "నీకేం తక్కువైంది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఏమీ తక్కువ కాలేదు.

ఈ మధ్య సంవత్సరాంతపు రిపోర్టు తయారుచేయడానికి కూర్చున్నాను. ఏటా చేసేదే. పోయినేడాది ఫైలు తెరవడం, కొత్త పేరుతో సేవ్ చేయడం, పైన సంవత్సరం మార్చడం, పాత అంకెలు తీసేసి కొత్తవి వేయడం. ఈసారి సంవత్సరంలో చివరి అంకె మార్చి అక్కడే ఆగిపోయాను, చెయ్యి ముందుకు వెళ్లలేదు. వచ్చే ఏడాదీ ఇదే ఫైలు, ఆపై ఏడాదీ ఇదే, తర్వాత నేను రిటైరవుతాను, ఇంకెవరో వచ్చి ఇదే ఫైలు తెరిచి చివరి అంకె మారుస్తారు. పని కష్టమైతే కష్టమని చెప్పుకునేదాన్ని. కష్టం కూడా లేదు, కళ్లు మూసుకుని చేసేస్తాను.

ఇరవైల్లో ఉద్యోగం కావాలి, ముప్పైల్లో పిల్లలు, ఇల్లు, నలభైల్లో వాళ్ల చదువులు. ఎప్పుడూ ముందు ఏదో ఒకటి ఉండేది, దానికోసం పరుగెత్తేదాన్ని. ఇప్పుడు పరుగెత్తడానికి ముందు ఏమీ కనబడటం లేదు, కానీ ఆరోగ్యంగా ఉంటే ఇంకా ముప్పై ఏళ్లు బతకాలి కదా. ఆ ముప్పై ఏళ్లు దేనికోసం?

స్నేహితులు చెప్పేవన్నీ విన్నాను. యోగా చెయ్యి, ఊళ్లు తిరుగు, ఏదైనా హాబీ పెట్టుకో అని. డ్రాయింగ్ క్లాసుకి కొంతకాలం వెళ్లాను, బాగానే ఉండేది, కానీ ఇంటికొచ్చాక మళ్లీ అదే ఖాళీ. టైమ్‌పాస్ కోసం నేను అడగడం లేదు. పొద్దున లేవగానే "ఇవాళ నేను ఉండటం వల్ల ఒక తేడా ఉంది" అనిపించేది ఏదైనా కావాలి. ఈ దశ దాటినవాళ్లు మీకు ఏది పనికొచ్చిందో చెప్పండి. పాజిటివ్‌గా ఆలోచించు అని మాత్రం దయచేసి రాయకండి.

తెల్లకోటు:

అక్కా, నేను నర్సుని. మిగతావాళ్లు పెద్ద విషయాలు చెప్పేలోపు నేనొక చిన్న విషయం చెప్పి పోతాను, ఎందుకంటే దీన్ని దాటేసి చాలామంది నేరుగా జీవిత పరమార్థం దగ్గరికి వెళ్లిపోతారు.

ముందు ఒంటి సంగతి చూపించుకోండి. ఎక్కువమంది ఆడవాళ్లకి 45 నుంచి 55 మధ్య మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, వస్తుంది, దానికి కొన్నేళ్ల ముందునుంచే హార్మోన్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. నెలసరి ఇంకా సక్రమంగానే ఉన్నా నిద్ర చెడిపోవడం, ఊరికే చిరాకు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఆ దశలో చాలా మామూలు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 తక్కువైనా మనిషి ఇలాగే చప్పబడిపోతారు. ఇవన్నీ మామూలు రక్తపరీక్షల్లో తేలేవే. మగవాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి చెబుతున్నా, రాత్రి గట్టిగా గురకపెట్టి పగలంతా మత్తుగా ఉంటే అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, కావచ్చు, దానికి చికిత్స ఉంది. అలాంటివాళ్లు "జీవితం విసుగు" అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు.

ఇంకొకటి. విసుగు పని ఒక్కదాని మీదేనా, లేక అన్నిటిమీదానా అని చూసుకోండి. ఇష్టమైన పాట వింటే ఇప్పటికీ బాగుంటుందా? పిల్లలు ఫోన్ చేస్తే లోపల ఏదైనా కదులుతుందా? రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దేనిలోనూ సంతోషం తెలియకపోతే, నిద్రా ఆకలీ మారిపోతే అది డిప్రెషన్ అయ్యే అవకాశం ఉంది, దానికి డాక్టరు కావాలి, ఆలోచన చాలదు. బతకడం ఎందుకు అన్న ఆలోచన నిజంగా వస్తుంటే మాత్రం ఆ రోజే వెళ్లండి, ఇంట్లో వాళ్లకి ఆ రోజే చెప్పండి.

ఇవేవీ లేవని తేలితే అప్పుడు మీ ప్రశ్న అసలు ప్రశ్న అవుతుంది.

లేత్‌మాస్టారు:

అమ్మా, నా వయసు 64. మెషిన్‌షాపులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. మీ ఫైలు సంగతి చదివి వెంటనే రాయాలనిపించింది.

మొదట ఒక మాట, ఇది మీ ఒక్కరికే వచ్చిన జబ్బు కాదు. నడివయసు సంక్షోభం అన్న మాటను 1965లో ఎలియట్ జాక్స్ అనే మనస్తత్వవేత్త ఒక వ్యాసంలో వాడాడు, అప్పటికి ఆయన వయసు 48, దాదాపు మీ వయసే. ఆ తర్వాత ఆయన ఇంకా ముప్పై అయిదేళ్లకు పైగా బతికి పని చేశాడు. 2008లో బ్లాంచ్‌ఫ్లవర్, ఓస్వాల్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చాలా దేశాల సర్వేలు తీసి చూస్తే, జీవితంతో తృప్తి వయసుతోపాటు కిందికి దిగి, నలభైల మధ్యలో అట్టడుగుకి చేరి, మళ్లీ పైకి లేస్తున్నట్టు కనబడింది. 2012లో చింపాంజీలనూ ఒరాంగుటాన్‌లనూ చూసుకునేవాళ్లని వాటి ఉత్సాహం గురించి అడిగి లెక్కేస్తే వాటిలోనూ అదే ఆకారం వచ్చింది. ఈ గీత మీద పరిశోధకుల్లో వాదనలు ఉన్నాయి, అన్నిచోట్లా ఒకేలా రాదనేవాళ్లు ఉన్నారు. నాకు దానిలో పనికొచ్చింది ఒక్కటే: హోమ్‌లోనూ ప్రమోషనూ తెలియని కోతికి కూడా నడివయసులో దిగులుంటే, నాకొచ్చిన దిగులంతా నా బతుకు తప్పుదారి పట్టినందుకే అనుకోనక్కర్లేదు.

ఇక మీరు రాసిన "ముందు ఏదో ఒకటి ఉండేది" అన్న మాట. ఎంఐటీలో తత్వశాస్త్రం చెప్పే కీరన్ సెటియా అనే ఆయన దీని గురించే రాశాడు. ఆయన చెప్పేది నాకు అర్థమైనంతవరకు ఇది. మనం చేసే పనుల్లో కొన్ని ముగిసేవి. ఇల్లు కట్టడం, డిగ్రీ, పెళ్లి చేయడం, ప్రమోషన్. అవి దొరికేదాకా దొరకలేదని బాధ, దొరికాక అయిపోయాయి. అంటే బాగా చేసేకొద్దీ మన బతుకులో ఉన్న అర్థాన్ని మనమే ఒక్కొక్కటిగా ఖర్చు పెట్టేస్తున్నాం. ఇంకొన్ని పనులకి ముగింపు ఉండదు. సంగీతం వినడం, నడవడం, పిల్లలతో కబుర్లు, ఒకరికి నేర్పడం. అవి చేస్తున్నంతసేపూ పూర్తిగానే దొరుకుతుంటాయి, ఎప్పటికీ అయిపోవు. మీ జీవితం నిండా మొదటి రకం పనులే ఉన్నాయి, అవన్నీ మీరు చక్కగా ముగించారు. అందుకే ఏ లోటూ లేదు, అందుకే ఖాళీగా ఉంది.

ఇంకో పెద్దాయన ఎరిక్ ఎరిక్సన్. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. ఏడో దశ నడివయసు. ఆ వయసులో మనిషి ముందు రెండు దారులు ఉంటాయంటాడు, ఒకటి తర్వాతి తరానికి ఏదో అందించడం, రెండోది నిలవనీరులా నిలిచిపోవడం. అందించడం అంటే సొంత పిల్లల్ని పెంచడం ఒక్కటే కాదు, నేర్పడం, ఏదైనా కట్టడం, ఉన్నదాన్ని బాగుచేసి అప్పజెప్పడం అన్నీ వస్తాయి.

నా సంగతి చెబుతాను. రిటైరయ్యాక నా ఫోన్ మోగడం మానేసింది. షాపులో ఉన్నప్పుడు గంటకి నలుగురు పిలిచేవాళ్లు. ఆ పిలుపులే నన్ను నిలబెడుతున్నాయని అవి ఆగాకే తెలిసింది. తెలిసినాయన ఒకరు కుర్రాళ్లకి వృత్తిశిక్షణ ఇచ్చేచోట వారానికి రెండు పూటలు రమ్మన్నాడు, జీతం లేదు, సరే అని వెళ్లాను.

మొదట్లో ఒక అబ్బాయి లేత్ మీద ఇనుప కడ్డీ తిప్పుతున్నాడు. ఇనుమును కోసే బిట్ దగ్గర్నుంచి పొట్టు ముదురునీలం రంగులో వస్తోంది. నేను పక్కనుంచి చూసి చెయ్యి పెట్టి స్పీడు తగ్గించాను. వాడు "ఎందుకు సార్?" అన్నాడు. నా నోట మాట రాలేదు. అన్నేళ్లు చేశాను, ఎందుకో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కాసేపు ఆలోచించి చెప్పాను: పొట్టు రంగు చూడు, గడ్డిరంగులో ఉంటే ఫరవాలేదు, నీలంలోకి తిరిగిందంటే వేడి ఎక్కువైంది, నువ్వు వాడుతున్న ఈ బిట్ ఆ వేడికి మెత్తబడిపోతుంది, కాసేపట్లో కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, చెవి పెట్టి విను, శబ్దం కూడా మారుతుంది. వాడు విన్నాడు. తర్వాతి కడ్డీకి వాడే స్పీడు తగ్గించి నావైపు చూశాడు.

ఇంటికొచ్చి ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీసి, నా చేతులకి తెలిసి నా నోటికి తెలియనివి ఏమేమున్నాయో రాయడం మొదలుపెట్టాను. ఇంకా రాస్తూనే ఉన్నాను. రేమండ్ క్యాటెల్ అనే మనస్తత్వవేత్త తెలివిని రెండుగా విడదీశాడు, కొత్త చిక్కుల్ని వేగంగా విప్పే తెలివి ఒకటి, అనుభవంతో పోగయ్యే తెలివి ఒకటి. మొదటిది వయసుతో ముందుగా తగ్గుతుంది, రెండోది చాలాకాలం నిలుస్తుంది. మన వయసువాళ్లం మొదటిదానితో కుర్రాళ్లతో పోటీపడి ఓడిపోయామని దిగులుపడతాం, రెండోదాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తాం. మీరు కళ్లు మూసుకుని చేసేస్తానన్న ఆ పని, కళ్లు తెరిచి ఇంకొకరికి చెప్పాల్సివస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూడండమ్మా.

కాగితపుపూలు:

నీలికలువ గారూ, డ్రాయింగ్ క్లాసు అనగానే నాకు మేరీ డిలేనీ గుర్తొచ్చింది. 18వ శతాబ్దపు ఇంగ్లండు ఆవిడ. 1768లో భర్త పోయారు. 72 ఏళ్ల వయసులో ఎర్ర కాగితం ముక్క ఒకటి జెరేనియం పువ్వు రేకు రంగులోనే ఉందని గమనించి, రేకులా కత్తిరించి నల్ల కాగితం మీద అంటించింది. అక్కడినుంచి కంటిచూపు సహకరించినంతకాలం, అంటే దాదాపు పదేళ్లు, అదే పని. పువ్వుని ఎదురుగా పెట్టుకుని రేకులు, కేసరాలు, ఆకు ఈనెలతో సహా వందల ముక్కలు కత్తిరించి అంటించేది. వెయ్యికి కొంచెం తక్కువ పువ్వులు చేసింది, అవిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్ అని పేరుపడ్డ ఆవిడ జీవితమంతా పొలం పనులు చేసి, ఊలుతో బొమ్మలు కుట్టేది. కీళ్లనొప్పుల వల్ల సూది పట్టుకోవడం కష్టమై డెబ్బైల చివర్లో కుంచె పట్టింది. 101 ఏళ్లు బతికింది, దాదాపు చివరిదాకా బొమ్మలు వేస్తూనే ఉంది. మీకు 49 అంటే ఆవిడ మొదలుపెట్టిన వయసు రావడానికి ఇంకా పాతికేళ్ల పైనే ఉంది! క్లాసు మానేయకండి.

వేపనీడ:

కాగితపుపూలు గారు ఉత్సాహంగా రాశారు, చదవడానికి బాగుంది. కానీ ఇలాంటి కథలు చదివినప్పుడల్లా నాకు కొంచెం భయం వేస్తుంది. వెయ్యి పువ్వులు మ్యూజియంలోకి వెళ్లాయి కాబట్టే మనకి ఆవిడ పేరు తెలిసింది. మ్యూజియంలోకి వెళ్లని పువ్వులు చేసినవాళ్లకి ఆ పదేళ్లు తక్కువేమీ ఇచ్చి ఉండవు. యాభై దాటాక కూడా ఏదో పెద్దది సాధించి చూపించాలి అన్న లెక్క పెట్టుకుంటే, మాస్టారు చెప్పిన ముగిసే పనుల జాబితాలోకి ఇంకొకటి చేరుతుంది, అంతే.

నా వయసు 56. నీలికలువ చెల్లీ, మీకు ఖాళీ ఎక్కువై ప్రశ్న వచ్చింది, నాకు ఖాళీ లేక వచ్చింది. అమ్మకి మతిమరుపు జబ్బు, డిమెన్షియా. నేనే చూసుకుంటాను. నా జీవితానికి ప్రయోజనం ఏమిటని నేను వెతుక్కునే అవసరం లేదు, పొద్దున్నే అదే నన్ను లేపుతుంది, ఒక్కోసారి రాత్రి మూడింటికే. అర్థం ఉన్న జీవితమంటే ఎప్పుడూ మనసు హాయిగా ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాయ్ బౌమైస్టర్ అనే మనస్తత్వవేత్త మరికొందరితో కలిసి 2013లో వెలువరించిన పరిశోధనలో ఇదే కనబడింది. సంతోషంగా ఉండటమూ అర్థవంతంగా ఉందనిపించడమూ చాలావరకు కలిసే నడుస్తాయి కానీ కొన్నిచోట్ల విడిపోతాయి. తమ జీవితానికి అర్థం ఉందన్నవాళ్లకి టెన్షనూ బెంగా కూడా ఎక్కువే ఉన్నాయి. అది చదివాక నాకు ఊపిరి ఆడింది. నేను అలసిపోతున్నానంటే చేస్తున్న పని విలువలేనిదని కాదన్నమాట.

మా అమ్మ కుట్టుపని చేసి మమ్మల్ని పెంచింది. ఇప్పుడు నా పేరు గుర్తుండదు. ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ ఒక గుడ్డ ఆమె ఒళ్లో పడేశాను. వేళ్లు వాటంతటవే అంచు వెతుక్కున్నాయి, సన్నగా మడిచి, గోటితో గీసి, మళ్లీ మడిచి, కుట్టడానికి సిద్ధంగా పెట్టినట్టు నా చేతికి ఇచ్చింది. స్కేలు పెట్టి కొలిచినట్టుంది ఆ మడత. ఈ జబ్బులో పేర్లూ సంగతులూ ముందు పోయినా చేతికి అలవాటైన పనులు చాలాకాలం మిగులుతాయని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి రోజూ కాసేపు గుడ్డలు ఇస్తాను, ఆ కాసేపూ ఆమె కుదురుగా ఉంటుంది, తను ఇంకా ఒకరికి పనికొస్తున్నానన్న ధీమా మొహంలో తెలుస్తుంది. ఎనభై దాటిన మనిషికి, నా పేరు కూడా తెలియని మనిషికి, ఇంకా కావల్సింది అదే. మీరడిగిన "నేను ఉండటం వల్ల ఒక తేడా" అన్నది వయసు పెరిగితే తీరిపోయే కోరిక కాదని నాకు అప్పుడే తెలిసింది.

అలాగని అంతా ఇతరుల కోసమే పెట్టేయమని చెప్పను. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఊరికే అనలేదు. వారంలో ఒక సాయంత్రం తమ్ముడు వచ్చి అమ్మ దగ్గర కూర్చుంటాడు, నేను నలుగురితో కలిసి పాడటానికి వెళ్తాను. ఆ సాయంత్రం ఎంత పనున్నా వదులుకోను. అది లేకపోతే మిగతా వారం నేను మనిషిని కాను.

నీలికలువ:

అందరికీ చాలా థాంక్స్. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. తెల్లకోటు చెప్పినట్టు పరీక్షలు చేయించుకుంటాను, నిద్ర సంగతి నేను రాయలేదు కానీ నిజంగానే ఏడాదిగా సరిగా లేదు. పాట వింటే బాగుంటుంది, పిల్లలు ఫోన్ చేస్తే బాగుంటుంది, కాబట్టి అన్నిటిమీదా విసుగు కాదనుకుంటున్నా.

మాస్టారూ, అర్థాన్ని మనమే ఖర్చు పెట్టేస్తున్నాం అన్న వాక్యం రెండుసార్లు చదివాను. వేపనీడ అక్కా, మీ అమ్మగారి మడత గురించి మావారికి చదివి వినిపించాను.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఉద్యోగం మానేయాలా? ఇంకో పదేళ్లు ఆ ఫైలు తెరుస్తూ, సాయంత్రాలు మాత్రం అర్థవంతంగా గడపడం అంటే సగం జీవితాన్ని వదిలేసినట్టే కదా. ఆర్థికంగా చూస్తే కాస్త ఇబ్బందే కానీ మానేయలేని పరిస్థితి కాదు.

రెండోషిఫ్టు:

అక్కా, ఇదే ప్రశ్నతో నేను రెండేళ్లు కొట్టుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఇప్పుడే మానేయకండి. నలభైల చివర్లో మనసు బాగాలేనప్పుడు దూరపు కొండలన్నీ నునుపుగా కనబడతాయి, పైగా మీ పరీక్షల రిజల్టులు కూడా ఇంకా రాలేదు. నిద్ర సరిగా లేని మనిషి తీసుకునే పెద్ద నిర్ణయాల్ని నేను నమ్మను.

పని ప్రదేశాల మీద పరిశోధన చేసే ఏమీ రెజ్నెస్కీ, జేన్ డట్టన్ అని ఇద్దరున్నారు. ఆసుపత్రిలో శుభ్రం చేసే సిబ్బందితో మాట్లాడారు. పని ఒకటే, జీతం ఒకటే. కొందరు మాకిచ్చింది తుడవడం, అది చేసి పోతాం అన్నారు. ఇంకొందరు రోగుల్ని పలకరించడం, దారి తెలియని చుట్టాలకి దారి చూపించడం, ఏ గదిలో ఎవరు దిగులుగా ఉన్నారో చూసి ఇంకోసారి ఆ వైపు వెళ్లడం కూడా తమ పనిలోకే తెచ్చుకున్నారు. రోగి కోలుకోవడంలో తమ చెయ్యి ఉందని వాళ్ల నమ్మకం. ఎవరూ చేయమని చెప్పలేదు, వాళ్ల ఉద్యోగపు కాగితంలో అవేవీ లేవు. ఆ ఇద్దరూ 2001లో దీనిమీద రాశారు, మనకిచ్చిన పనిని మన చేత్తో కొంచెం మలుచుకోవచ్చని.

ఇది యాజమాన్యాలు జీతం పెంచకుండా మనచేత ఎక్కువ పని చేయించుకోవడానికి వాడుకునే మాటగా కూడా మారుతుంది, అది నేను కళ్లారా చూశాను, అందుకని జాగ్రత్త. మీకోసం మలుచుకోవాలి, వాళ్లకోసం కాదు. నేను చేసిందేమిటంటే, నేను రోజూ ముట్టుకునే కాగితం చివరికి ఎవరి చేతిలోకి వెళ్తుందో కనుక్కున్నాను. ఆ మనిషితో వెళ్లి కూర్చుని మాట్లాడాను, దీనిలో మీరు చదివేదేది, చదవకుండా వదిలేసేదేది అని అడిగాను. సగం ఎవరూ చదవడం లేదని తేలింది. ఆ సగం ఆపేశాం. మిగిలిన టైములో కొత్తగా చేరిన ఇద్దరికి వాళ్లడిగినవన్నీ నేర్పుతున్నాను. మీ సంవత్సరాంతపు రిపోర్టు సంగతీ అంతే, అది ఎవరు చదువుతారు, చదివి ఏం నిర్ణయిస్తారు, మీకు తెలుసా? తెలియకపోతే మొదట అది తెలుసుకోండి.

ఇవన్నీ చేసి, నిద్ర కుదురుకుని, ఏడాది తర్వాత కూడా మానేయాలనే అనిపిస్తే అప్పుడు మానేయండి. అప్పుడది పారిపోవడం అవదు. కానీ ఒకటి చూసుకోండి, మానేశాక ఎక్కడికి వెళ్తారో ఆ పనిని ఉద్యోగంలో ఉండగానే కొన్ని నెలలు వారాంతాల్లో చేసి చూడండి. బయటినుంచి చూసి ఇష్టపడ్డ పని, లోపలికి వెళ్తే వేరేగా ఉంటుంది.

నీలికలువ:

రిపోర్టు పై అంతస్తుకి వెళ్తుందని తెలుసు, ఎవరు చదువుతారో మాత్రం నేనెప్పుడూ అడగలేదు. రేపు అడుగుతాను. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరు ఉన్నారు, భయంతో ఏమీ అడగదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతకడం తనకి ఎవరూ చూపించలేదనుకుంటా. తేడా తొమ్మిదితో భాగించబడితే ఎక్కడో రెండంకెలు తారుమారు అయి ఉండొచ్చు అన్నది నాకు ఎవరో సీనియర్ చెప్పారు, 54 బదులు 45 పడితే తేడా 9, 72 బదులు 27 పడితే 45, అలా. ఇలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి, ఇప్పుడు ఆలోచిస్తుంటే వరసగా గుర్తొస్తున్నాయి.

లేత్‌మాస్టారు:

నోట్‌బుక్ కొనండమ్మా! ఆ తొమ్మిది సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, మా మనవడికి చూపిస్తాను.

ఒక్క జాగ్రత్త. నేర్పేటప్పుడు మనకి తెలిసినదంతా ఒక్కసారే కుమ్మరించాలనిపిస్తుంది. వాళ్లు అడిగినదానికే జవాబు చెప్పండి, ఆ అమ్మాయి ఏమీ అడగదంటున్నారు కాబట్టి మొదట మీరే ఆ అమ్మాయి తయారుచేసిన షీటు ఒకటి తీసుకుని "ఇక్కడ ఇలా ఎందుకు చేశావు?" అని అడగండి, తప్పు పట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి. కుర్రాళ్ల దగ్గర మనకి తెలియనివీ ఉంటాయి. మావాళ్లలో ఒకడు నాకు కంప్యూటర్‌తో నడిచే మెషిన్ ప్రోగ్రామ్ చదవడం నేర్పుతున్నాడు, నేను మెల్లగానే నేర్చుకుంటున్నాను, వాడు విసుక్కోడు.

వేపనీడ:

చెల్లీ, మీరు రాసినవాటిలో ఒకటి అందరం దాటేశాం. ఎవరైనా "నీకేం తక్కువైంది" అంటే జవాబు లేదన్నారు. మీవారికి ఇక్కడ ముందు మీరు రాసింది చూపించారా? మా అమ్మ మడత గురించి చదివి వినిపించారంటే ఆయన వినే మనిషే అయుంటారు.

హార్వర్డ్‌లో 1938లో మొదలుపెట్టి ఇప్పటికీ నడుస్తున్న పరిశోధన ఒకటుంది, కొన్ని వందల మంది మగవాళ్లతో మొదలై తర్వాత వాళ్ల భార్యలూ పిల్లలూ కూడా చేరారు. ఎనభై ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా ఉన్నారో వెనక్కి చూస్తే, యాభై ఏళ్లప్పుడు వాళ్ల కొలెస్ట్రాల్ ఎంత అన్నదానికన్నా, తమ దగ్గరివాళ్లతో సంబంధాల్లో ఎంత తృప్తిగా ఉన్నారన్నది ఎక్కువ చెప్పిందట. ఈ విషయం పుస్తకాల్లో చదివి తలూపడం తేలిక. చాలా ఇళ్లలో పిల్లలు వెళ్లిపోయాక భార్యాభర్తలు మాట్లాడుకోవడానికి బిల్లులూ మందులూ తప్ప ఏమీ మిగలవు, ఇన్నాళ్లూ పిల్లల గురించే మాట్లాడారు కాబట్టి. ఆయన వయసు కూడా మీకు దగ్గరగానే ఉంటుంది. ఆయనకీ ఇలాంటి ఫైలు ఒకటి ఉందేమో, ఎవరూ అడగలేదేమో.

"నాకేం తక్కువైందో తెలియదు కానీ, ఆ రోజు ఫైలు ముందు ఇలా అయింది" అని జరిగింది జరిగినట్టు చెప్పండి, కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు. ఆయన వెంటనే పరిష్కారం చెప్పబోతే, ఇప్పుడు వినడం చాలని చెప్పండి. తర్వాత ఆయన్ని అడగండి, మీరూ వినండి.

ఇంకొకటి, వాలంటీరుగా ఎక్కడికైనా వెళ్లాలనుకుంటే ముందు ఒకసారి ఊరికే వెళ్లి చూడండి. ఏ రోజు ఏ టైముకి రావాలో స్పష్టంగా చెప్పేచోటు, మీరు రాకపోతే ఫోన్ చేసి ఏమైందని అడిగేచోటు చూసుకోండి. ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, రాకపోయినా ఫరవాలేదు అనేచోట మీలాంటివాళ్లు రెండు నెలలకు మించి ఉండరు. పరీక్షల రిజల్టులు వచ్చాక ఒక మాట రాయండి.